పెరటి తోట, పల్లె కాపురం, ఇంటి వంట: తరచుగా అడిగే ప్రశ్నలు

రసాయనాలు లేని తోట వేసుకుని, పండించింది ఇంట్లోనే వండుకు తినాలనుకునే కుటుంబాలు మమ్మల్ని అడిగే ప్రశ్నలివి. కొన్నింటికి జవాబు రెండు వాక్యాల్లో అయిపోతుంది. కొన్నింటి దగ్గర కాసేపు ఆగాలి, ముఖ్యంగా పని ఎవరు చేస్తారన్న ప్రశ్న దగ్గర. చాలా పెరటి తోటలు ఆగిపోయేది పురుగు వల్లో ఎండ వల్లో కాదు, ఇంట్లో ఒక్కరే అలసిపోవడం వల్ల అని మా నమ్మకం.

ఎంత స్థలంతో మొదలుపెట్టాలి?

మీరు అనుకున్నదాంట్లో సగంతో. 1.2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల పొడవున్న మడులు రెండు చాలు. వెడల్పు అంతకు మించకూడదు. రెండు పక్కల నుంచీ మధ్య దాకా చెయ్యి అందితేనే మడిలో కాలు పెట్టకుండా పని జరుగుతుంది. తొక్కిన మట్టి గట్టిపడి గాలినీ నీటినీ లోపలికి పోనివ్వదు. పిల్లలు కూడా పని చేసే మడి అయితే 90 సెంటీమీటర్లకి తగ్గించండి.

ఎంత వేయాలన్నదానికంటే ఎక్కడ వేయాలన్నది పెద్ద విషయం. మడి వంటింటి గుమ్మం నుంచి కనబడాలి. స్థలం చివర ఎక్కడో ఉన్న తోటకి వారానికోసారి వెళ్తాం, గుమ్మం పక్కనున్నదాన్ని పొయ్యి మీద నీళ్లు మరిగేలోపు చూసి రావచ్చు. టమాటా, వంగ, మిరప లాంటి కాయ మొక్కలకి రోజుకి కనీసం 6 గంటల నేరు ఎండ కావాలి. ఆకుకూరలు 3, 4 గంటలతో సర్దుకుంటాయి.

ముందు ఏం నాటాలి?

రెండు వారాల పాటు ఇంట్లో ఏ కూరగాయలు వండుతున్నారో, వాటిలో ఏవి పళ్లెంలో మిగిలిపోతున్నాయో ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితమే మీ తోట పటం. విత్తనాల పొట్లం మీద బొమ్మ బాగుందని కొన్నవి చివరికి ఎవరూ తినరు.

మొదటి ఏడాదికి త్వరగా వచ్చేవి కొన్ని ఉండాలి. ముల్లంగి నెల రోజుల్లో చేతికొస్తుంది. పాలకూరని ఐదారు వారాల్లో కోయవచ్చు. బీన్స్ రెండు నెలల్లోపే కాపుకొస్తాయి. వీటిని చూసి ఇంట్లో అందరికీ నమ్మకం కుదిరాక, మూడు నాలుగు నెలలు పట్టే గుమ్మడి కోసం ఎదురుచూసే ఓపిక వస్తుంది. పుదీనాని మాత్రం కుండీలోనే పెట్టండి, నేలలో వేస్తే మడంతా తనదే అంటుంది.

సేంద్రియం అంటే ఏమీ చల్లకపోవడమేనా?

కాదు. ఏమీ చల్లకుండా, ఏమీ చేయకుండా వదిలేస్తే అది ఆలనా పాలనా లేని నేల అవుతుంది. సేంద్రియ పద్ధతిలో మొక్కకి తిండి పెట్టే పని మట్టిది, మట్టికి తిండి పెట్టే పని మనది. మట్టిలోని బాక్టీరియా, శిలీంధ్రాలు, వానపాములు కుళ్లిన పదార్థాన్ని తిని, మొక్క తీసుకోగలిగే రూపంలో పోషకాలు విడుదల చేస్తాయి. చిక్కుడు జాతి మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి తెస్తుంది.

ప్రపంచవ్యాప్తంగా సేంద్రియ సాగు చేసేవాళ్ల సమాఖ్య ఐఫోమ్ 1972లో ఏర్పడింది. ఆ సమాఖ్య 2005లో నాలుగు సూత్రాలు ఆమోదించింది: ఆరోగ్యం, పర్యావరణం, న్యాయం, శ్రద్ధ. మొదటి రెండింటి గురించి అందరూ మాట్లాడతారు. మూడోదాని గురించి కింద పని పంపకం దగ్గర చెబుతాం.

ఇంకో మాట. సహజమైనదల్లా ప్రమాదం లేనిది కాదు. తెగుళ్లకి వాడే రాగి మందులు సేంద్రియ సాగులో పరిమితులతో అనుమతించినవే, అయినా రాగి ఏళ్ల తరబడి మట్టిలో పేరుకుని వానపాముల్ని దెబ్బతీస్తుంది. ఇంటి తోటలో దాని జోలికి పోకపోతేనే మంచిది.

మా మట్టి మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

ఒక గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి, బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో అడుగుకి చేరుతుంది, ఒండ్రు కొన్ని గంటలకి, బంకమట్టి ఒకటి రెండు రోజులకి. మూడు పొరలూ చూస్తే మీ నేల స్వభావం అర్థమవుతుంది. పిల్లలకి ఇది చాలా ఇష్టమైన పని. నేల ఇసుక అయినా బంక అయినా మందు ఒకటే, కంపోస్టు.

పాత ఇంటి గోడ పక్కన, ఒకప్పుడు షెడ్డో వర్క్‌షాపో ఉన్న చోట తోట వేస్తుంటే సీసం కోసం మట్టి పరీక్ష తప్పకుండా చేయించండి. పాత రంగుల్లో సీసం ఉండేది, రాలిన పెచ్చులతో అది మట్టిలో కలిసి అక్కడే ఉండిపోతుంది. చిన్నపిల్లలకి దానివల్ల జరిగే హాని తిరిగి బాగుపడదు. అనుమానం ఉంటే వేరే చోట నుంచి మంచి మట్టి తెచ్చి ఎత్తు మడులు కట్టుకోండి.

కంపోస్టు వాసన వేస్తోంది, లేదా ఎన్నాళ్లైనా కుళ్లడం లేదు. ఏం చేయాలి?

మాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. కుప్పలో రెండు రకాల పదార్థం ఉండాలి. ఒకటి పచ్చిది: కూరగాయల తొక్కలు, కోసిన గడ్డి, టీ పొడి పిప్పి. రెండోది ఎండుది: రాలిన ఆకులు, గడ్డి పరకలు, చింపిన అట్టముక్కలు, రంపపు పొట్టు. పచ్చిదాంట్లో నత్రజని ఎక్కువ, ఎండుదాంట్లో కార్బన్ ఎక్కువ. కుప్ప మొత్తం మీద ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కార్బన్ ఉంటే చక్కగా చివుకుతుంది. లెక్కలు వేసుకునే పని లేదు, ఒక బకెట్ పచ్చిదానికి రెండు మూడు బకెట్ల ఎండుది వేయండి చాలు.

కుళ్లిన గుడ్ల వాసన వస్తే లోపల గాలి లేదని, నీళ్లెక్కువయ్యాయని అర్థం. ఎండుటాకులు కలిపి తిరగేయండి. ఘాటుగా ముక్కుకి తగిలే వాసన అయితే పచ్చిది ఎక్కువైంది, మందు అదే. ఏ వాసనా లేకుండా కుప్ప వేసింది వేసినట్టే ఉంటే ఎండిపోయింది, లేదా మరీ చిన్నది. పిడికెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉండాలి. అన్ని పక్కలా ఒక మీటరు ఉంటేనే కుప్ప తన వేడిని తాను నిలుపుకుంటుంది. అప్పుడు లోపల 55 నుంచి 65 డిగ్రీల దాకా వేడెక్కి కలుపు గింజలూ చాలా రోగక్రిములూ చస్తాయి. అంత పెద్ద కుప్పకి సరిపడా చెత్త లేని ఇళ్లలో వానపాముల పెట్టె మేలు. మాంసం, ఎముకలు, నూనె ఓడే వంటకాలు, కుక్క పిల్లి మలం ఇంటి కంపోస్టులో వేయకూడదు.

వంటింట్లో మూతున్న చిన్న డబ్బా పెట్టి, రోజూ రాత్రి దాన్ని కుప్పలో వేసే పని ఒక మనిషికి అప్పగించండి. డబ్బా పెద్దదైతే నాలుగు రోజులు నిల్వ ఉండి ఈగలు చేరతాయి. మా ఇంట్లో చిన్న డబ్బాకి మారాకే ఆ టెన్షన్ పోయింది.

పచ్చి పశువుల ఎరువు నేరుగా వేయవచ్చా?

పంట ఉన్న మడిలో వద్దు. అందులో ఈ.కోలై, సాల్మొనెల్లా లాంటి క్రిములు ఉండవచ్చు. అమెరికా సేంద్రియ నిబంధనల్లో లెక్క ఇలా ఉంది: తినే భాగం మట్టికి తగిలే పంటైతే కోతకి 120 రోజుల ముందే పచ్చి ఎరువు వేసి ఉండాలి, తగలని పంటైతే 90 రోజుల ముందు. ఇంటి తోటకి ఇది మంచి కొలత. అన్నిటికంటే బాగా చివికించి వేయడమే సులువు. కోళ్ల ఎరువు మరీ ఘాటు, పచ్చిగా వేస్తే వేళ్లు మాడతాయి.

బయట నుంచి ఎరువు కొంటున్నారా? కొన్ని కలుపు మందులు పశువు తిన్న గడ్డిలో నుంచి పేడలోకి వచ్చి, కంపోస్టు అయ్యాక కూడా మిగిలే ఉంటాయి. కాబట్టి ముందు ఒక కుండీలో ఆ ఎరువు కలిపిన మట్టిలో, ఇంకో కుండీలో మామూలు మట్టిలో బీన్స్ గింజలు వేయండి. మూడు వారాల్లో ఎరువున్న కుండీలో ఆకులు ముడుచుకుని వంకర్లు తిరిగితే ఆ ఎరువు వద్దు.

పురుగులు పడితే?

ముందు చూడండి. నిజంగా చూడటమే సగం వైద్యం. ఉదయం పూట ఆకు తిప్పి అడుగున చూస్తే పేనుబంక గుంపు, తెల్లదోమ, గుడ్లు కనబడతాయి. ఈ దశలో వేళ్లతో నలిపేసినా, నీటి ధారతో కడిగేసినా సరిపోతుంది. నల్లగా, నారింజ మచ్చలతో, మొసలి పిల్లలా కనిపించే పురుగుని మాత్రం చంపకండి. అది అక్షింతల పురుగు పిల్ల. తల్లిలాగే అదీ పేనుబంకని బాగా తింటుంది.

పెద్ద గొంగళిపురుగుల్ని చేత్తో ఏరాలి. మరీ మించితే బీటీ అనే బాక్టీరియా మందు ఉంది. 1901లో జపాన్‌లో పట్టుపురుగుల జబ్బుకి కారణం వెతుకుతుంటే బయటపడింది ఇది. గొంగళిపురుగు ఆకుతో పాటు తింటేనే పని చేస్తుంది, తేనెటీగకి హాని చేయదు. వేపనూనె, సబ్బు నీళ్లు ఆఖరి మాట. వాటినైనా తేనెటీగలు తిరగని సాయంత్రం వేళే చల్లండి.

బంతి మొక్కలు నాటితే వేళ్లలోని నులిపురుగులు పోతాయంటారు. నిజమే, కానీ అక్కడొకటి ఇక్కడొకటి పెడితే కాదు. ఒక కాలమంతా ఆ మడి నిండా ఒత్తుగా పెంచాలి.

ఒకే కుటుంబం పంటని వరసగా అదే మడిలో వేయకండి. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప ఒక కుటుంబం. అవి తిరిగి అదే మడికి రావడానికి మూడేళ్లు పట్టేలా చూసుకోండి.

నీళ్లు ఎంత పోయాలి?

వాన లేని రోజుల్లో చదరపు మీటరుకి వారానికి సుమారు 25 లీటర్లు, రెండు దఫాలుగా, వేళ్ల దాకా దిగేలా. ఎండ బాగా కాస్తే ఇంకాస్త. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్లు పైనే ఉండిపోయి, ఒక్కపూట మర్చిపోయినా మొక్క వాలిపోతుంది. మట్టి మీద 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులో గడ్డో పరిస్తే నీళ్లూ మిగులుతాయి, కలుపూ తగ్గుతుంది.

పిల్లల్ని తోట పనిలోకి ఎలా తేవాలి?

పనివాళ్లలా కాకుండా ఇంటి మనుషుల్లా తేవాలి. "కలుపు తియ్యి" అంటే పారిపోతారు. "ఈ మూలంతా నీది, ఏం వేస్తావో నీ ఇష్టం" అంటే నిలబడతారు. ఆ మూలలో వాళ్లు ఏం చేసినా మనం సర్దకూడదు. నాలుగేళ్ల వయసుకి బీన్స్, గుమ్మడి, పొద్దుతిరుగుడు లాంటి పెద్ద గింజలు బాగుంటాయి, వేళ్లకి అందుతాయి, వారంలో మొలుస్తాయి.

తోటలో పండించింది పిల్లలు తప్పకుండా తింటారని మాటివ్వలేం. కొత్త రుచి అలవాటు కావడానికి చాలామంది పిల్లలకి అది పది సార్లో, ఇంకా ఎక్కువ సార్లో నోటికి తగలాలి. తోట చేసే మేలు ఏమిటంటే ఆ పది సార్లూ బలవంతం లేకుండా గడిచిపోతాయి. పళ్లెం ముందు కూర్చోబెడితే ముట్టని బఠాణీని తీగ దగ్గర నిలబడి ఒలుచుకు తింటారు. అక్కడ తిననివ్వండి, వంటకి తగ్గినా పర్లేదు. కోళ్లనీ పశువులనీ ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం, ధనుర్వాతం టీకాలు సమయానికి వేయించడం మాత్రం మర్చిపోకండి.

పని అంతా నా మీదే పడుతోంది. ఇది మామూలేనా?

మామూలే, కానీ అలా ఉండకూడదు. తోట వేద్దామన్న ఆలోచన ఇద్దరిదీ అవుతుంది, మొదటి నెల తవ్వకం అందరూ కలిసి చేస్తారు. కాపు మొదలయ్యాక పని తోటలో నుంచి వంటింట్లోకి మారుతుంది, ఆ మారడం ఎవరికీ కనబడదు. బుట్ట తెచ్చి గట్టు మీద పెట్టిన మనిషి పని అయిపోయిందనుకుంటారు. మట్టి కడగడం, పుచ్చులు ఏరడం, ఆకు తుంచడం, గింజలు ఒలవడం, తరగడం, వండటం, మిగిలింది నిల్వ చేయడం అప్పుడే మొదలవుతుంది. కొన్న కూరగాయకి లేని ఒకటి రెండు గంటలు ఇక్కడ అదనం.

మా ఇంట్లో రెండో ఏడాది ఇదే జరిగింది. కోసినవి కోసినట్టే బుట్టల్లో వాడిపోతుంటే ఒకరికి కోపం, ఒకరికి అపరాధ భావం. చివరికి ఒక నియమం పెట్టుకున్నాం: కోసిన మనిషే కడిగి, బాగు చేసి, వండటానికి సిద్ధంగా ఇవ్వాలి. దాంతో రెండు మార్పులొచ్చాయి. అవసరమైనంతే కోయడం మొదలైంది. వండే మనిషి ఏం కావాలో ముందే చెప్పడం మొదలైంది. పైన చెప్పిన న్యాయం అనే సూత్రం పొలానికే కాదు, ఇంటి లోపలికీ వర్తిస్తుందని మేం నమ్ముతాం.

పనులు పేర్లతో సహా రాసి గోడకి అంటించండి: నీళ్లు, కంపోస్టు డబ్బా, కోత, బాగు చేయడం, వంట, గిన్నెలు. పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వంగకుండా చేసే పనులు వాళ్లకివ్వండి. గింజలు ఒలవడం, నారు చూసుకోవడం వాళ్లు మనకంటే బాగా చేస్తారు. అమ్మమ్మో తాతయ్యో అరుగు మీద కూర్చుని ఒలుస్తుంటే పిల్లలు వచ్చి చేరకుండా ఉండరు. ఇన్ని చేసినా మించిపోతుంటే ఒక మడి తగ్గించండి. అది ఓటమి కాదు.

అన్నీ ఒకేసారి కాస్తే ఏం చేయాలి?

ముందు విత్తేటప్పుడే జాగ్రత్తపడాలి. బీన్స్, ముల్లంగి, ఆకుకూరలు ఒకేసారి కాకుండా రెండు మూడు వారాల తేడాతో కొంచెం కొంచెం విత్తుకోండి. గుమ్మడి పాదులు ఒక కుటుంబానికి రెండు చాలు.

మిగిలినవాటికి ఫ్రీజర్ అన్నిటికంటే సులువు. బీన్స్‌ని 3 నిమిషాలు, ఆకుకూరల్ని 2 నిమిషాలు మరిగే నీళ్లలో వేసి, వెంటనే చల్లటి నీళ్లలో ముంచి, ఆరబెట్టి, మైనస్ 18 డిగ్రీల దగ్గర పెడితే 8 నెలల పైన బాగుంటాయి. ఇలా ముందు ఉడికించకపోతే ఎంజైములు పని చేస్తూనే ఉండి రంగూ రుచీ పోతాయి.

సీసాల్లో గాలి చొరకుండా మూసి బయట నిల్వ చేయడం మాత్రం ఆషామాషీగా చేసే పని కాదు. బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధని తెచ్చే బాక్టీరియా బీజాలు మరిగే నీటి వేడికి చావవు. గాలి లేని సీసాలో, పులుపు తక్కువున్న పదార్థంలో అవి విషం తయారు చేస్తాయి. దానికి వాసన ఉండకపోవచ్చు, రంగు మారకపోవచ్చు. పీహెచ్ (పులుపు కొలత, అంకె పెరిగేకొద్దీ పులుపు తక్కువ) 4.6 కంటే ఎక్కువుండే బీన్స్, బీట్‌రూట్, మొక్కజొన్న లాంటివి ప్రెషర్ క్యానర్‌లో (సీసాల్ని ఆవిరి ఒత్తిడితో మరిగే నీటికంటే ఎక్కువ వేడి చేసే పాత్ర), పరీక్షించిన కొలతల ప్రకారమే చేయాలి. టమాటా సరిగ్గా అంచు మీద ఉంటుంది, అందుకే అర లీటరు సీసాకి ఒక పెద్ద చెంచా సీసాలో అమ్మే నిమ్మరసం కలపమంటారు. నూనెలో వేసిన పచ్చి వెల్లుల్లిని బయట ఉంచకండి, ఫ్రిజ్‌లో పెట్టినా నాలుగు రోజుల్లో వాడేయండి.

తోట కూరగాయల వంటలో ప్రత్యేకంగా గమనించాల్సినవి ఏమైనా ఉన్నాయా?

కోసిన వెంటనే వండటమే అసలు ప్రత్యేకత. బఠాణీ, తీపి మొక్కజొన్నల్లోని చక్కెర కోసిన క్షణం నుంచీ పిండిగా మారుతూ ఉంటుంది. ఇలాంటి కూరగాయకి మసాలాలు తక్కువ చాలు. ఎక్కువ నీళ్లలో ఉడికించి పారబోస్తే సి విటమిన్ పోతుంది, ఆవిరి మీదో కొద్ది నీళ్లతోనో చేయండి. టమాటాకి ఎర్ర రంగునిచ్చే లైకోపీన్ మాత్రం కొంచెం నూనె వేసి ఉడికిస్తేనే ఒంటికి బాగా పడుతుంది.

మూడు జాగ్రత్తలు చెప్పి తీరాలి. పచ్చరంగు తిరిగిన, మొలకలొచ్చి చేదెక్కిన బంగాళాదుంపలు తినకూడదు, అందులోని సోలనిన్ అనే విషం ఉడికించినా పోదు. ఎర్ర కిడ్నీ బీన్స్‌ని కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు తెర్ల కాగనివ్వాలి. అరగంటైతే ఇంకా మంచిది. సన్నటి సెగ మీద మాత్రమే ఉడికినవి పచ్చివాటికంటే ప్రమాదం. మామూలుగా చేదుండని గుమ్మడో సొరో జుకినీయో నోట్లో పెట్టగానే గట్టిగా చేదనిపిస్తే ఉమ్మేసి, వంట మొత్తం పారేయండి. ఎంత వృథా అనిపించినా సరే.

దీనివల్ల ఖర్చు తగ్గుతుందా?

మొదటి ఏడాది తగ్గదు. పనిముట్లు, మట్టి, కంచె అన్నీ అప్పుడే కొంటాం. తర్వాత ఎక్కువ ఆదా చేసేవి ఆకుకూరలు, పుదీనా, కొత్తిమీర లాంటి వాసన ఆకులు. కోసిన కొద్దీ వస్తాయి, కొంటే సగం వాడకముందే వాడిపోతాయి.

పల్లెకి మారితేనే ఇదంతా కుదురుతుందా?

లేదు. నాలుగు కుండీలు, ఒక వానపాముల పెట్టె ఉన్న బాల్కనీ కూడా తోటే. పల్లెకి మారాలనే ఉంటే, కొనేముందు అక్కడ నాలుగు కాలాలూ ఒక్కో వారమైనా ఉండి చూడండి. ఎండాకాలంలో బావిలో నీళ్లుంటాయా, వానల్లో దారి ఉంటుందా, బడి, ఆసుపత్రి ఎంత దూరం, చుట్టుపక్కల పొలాల్లో ఏం పిచికారీ చేస్తారు, గాలి ఎటు వీస్తుంది. ఈ జవాబులు అమ్మేవాళ్ల కంటే పక్కింటివాళ్లకి బాగా తెలుస్తాయి.

విత్తనాలు దాచుకోవచ్చా?

దాచుకోండి. బీన్స్, బఠాణీ, టమాటాతో మొదలుపెట్టండి. ఇవి ఎక్కువగా తమ పువ్వులో తామే ఫలదీకరణ చెందుతాయి కాబట్టి తల్లి మొక్క లాంటి పిల్లలే వస్తాయి. హైబ్రిడ్ విత్తనాలతో ఇది కుదరదు. గుమ్మడి జాతుల్ని తేనెటీగలు కలిపేస్తాయి. పైన చెప్పిన చేదు కాయలు చాలాసార్లు అలా కలిసిన గింజల నుంచే వస్తాయి.

టమాటా గింజల్ని గుజ్జుతో సహా రెండు మూడు రోజులు గ్లాసులో పులియనిచ్చి, కడిగి, పళ్లెంలో ఆరబెట్టాలి. బీన్స్ కాయల్ని తీగ మీదే ఎండనివ్వాలి, ఊపితే లోపల గింజ గలగలమనాలి. కాగితపు కవర్లలో పోసి, చల్లటి చీకటి చోట పెట్టండి. ఉల్లి గింజలు ఒకటి రెండేళ్లకే మొలక శక్తి కోల్పోతాయి, బీన్స్ మూడేళ్లు, టమాటా నాలుగేళ్ల పైన ఉంటాయి. అందుకే కవరు మీద పేరు, ఏడాది రాయాలి. మా ఇంట్లో ఆ రాతపని పిల్లలది. మొదటి ఏడాది కవర్ల మీద అక్షరాలు వంకర్లుగా ఉన్నాయి, ఇప్పుడు వాళ్లే ఏ మడిలో కోశారో కూడా రాస్తున్నారు.